మనోగాయం మోస్తున్న మాజీ సైనికులు – కల్యాణమిత్రుల కర్తవ్యం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

 వెనుక వరుసల్లో ద్వారానికి దగ్గరగా మాజీ సైనిక సోదరులు కూర్చున్నారు. వారు అక్కడే ఎందుకు కూర్చుంటారో ఈ ప్రసంగం ముగిసేలోగా మీకే తెలుస్తుంది.

నిర్వాహకులు నాకు "ధ్యానం – మానసిక ఆరోగ్యం" అనే అంశాన్ని అప్పగించారు. అది విశాలమైన విషయం. నేను అందులో ఒక మూలను మాత్రమే తీసుకొంటున్నాను. ఘోరమైన అనుభవం వల్ల మనసు గాయపడిన మాజీ సైనికుడు మన ధ్యానమందిరానికి వచ్చినప్పుడు మనం ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే నేటి విషయం.

నాగార్జునకొండను చూసినవారికి అక్కడి ఛాయాస్తంభాలు గుర్తుండే ఉంటాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో స్తూపాలు, విహారాలు వెలసిన కాలంలోనే, యుద్ధంలో కూలిన సేనానులకు, సైనికులకు స్మారకంగా శిలాస్తంభాలు నిలిపారు. బౌద్ధం వర్ధిల్లిన నేల మీద, యుద్ధంలో మరణించినవారిని మరవకూడదన్న స్పృహ కూడా ఉండేదని ఆ రాళ్లు మనకు చెబుతున్నాయి. చనిపోయినవారికి స్తంభం నిలిపాము. మరి బతికి తిరిగివచ్చి, ఇంట్లో ఉండి కూడా ఇంటికి చేరలేకపోయినవారికి మనం ఏమి నిలిపాము? ఈ ప్రశ్న నన్ను చాలా కాలంగా వెంటాడుతున్నది.

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న జన్మించినది మహూ సైనిక దండులో. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. 1941లో మహార్ రెజిమెంట్ ఏర్పడినప్పుడు, సైనిక ద్వారం తమకు మళ్లీ తెరుచుకొన్నదని ఎన్నో కుటుంబాలు సంతోషించాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట ధమ్మదీక్ష స్వీకరించిన సమాజంలో సైనిక వారసత్వం బలంగా ఉండేది. తెలుగు నేల మీద పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అది సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరు. ఆ ఊరి వంటి ఊళ్లు, ఆ కుటుంబాల వంటి కుటుంబాలు మనకు ఎన్నో ఉన్నాయి. అందుచేత మన మందిరాలకు వచ్చేవారిలో మాజీ సైనికులు ఉండడం సహజం.

వారిలో ఒకరి గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. హవల్దారుగా పదవీ విరమణ చేసిన వ్యక్తి. కొండల సరిహద్దులో పనిచేశారు. ఒకనాడు కాన్వాయ్‌లో తాను ఎక్కవలసిన వాహనంలో తన స్థానంలో మిత్రుడు ఎక్కాడు. దారిలో మందుపాతర పేలింది. మిత్రుని దేహాన్ని ఏరి తెచ్చినవారిలో ఈయనా ఉన్నారు. ఇదంతా నాకు తరువాత తెలిసినది. మొదట నాకు తెలిసినది ఇంతే: ఆయన ప్రతి ఆదివారం తెల్లవారకముందే వచ్చేవారు, ద్వారం పక్కన గోడకు వీపు ఆనించి కూర్చొనేవారు, ఎవరైనా వెనుక నుంచి నడిస్తే ఉలిక్కిపడేవారు. దీపావళి వారమంతా కనిపించేవారు కారు.

రెండేళ్లు అలా వచ్చారు. మందిరం నిర్వహణ నా బాధ్యతగా ఉండేది. ఒకనాడు ఆయన నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, కళ్లు మూస్తే ఆ రోడ్డే కనిపిస్తున్నది" అన్నారు. నేను ఎంతో అనునయంగా, "గతాన్ని వదిలేయండి, వర్తమానంలో ఉండండి, శ్వాసను గమనించండి" అని చెప్పాను. ఆయన తల ఊపి వెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరో ఏడాది గడిచాక ఆయన భార్య వచ్చి, "మీ దగ్గరకు వచ్చిన రోజు ఆయన బాగుంటారు సార్. మిగతా ఆరు రోజులూ మేము ఊపిరి బిగబట్టుకొని బతుకుతున్నాము" అన్నప్పుడు నాకు తెలివి వచ్చినది. నేను ఆయనకు ఆశ్రయం ఇచ్చానని అనుకొన్నాను. నిజానికి దాక్కొనే చోటు ఇచ్చాను. ఆ తప్పు నాది. ఆ తప్పు నుంచి నేను నేర్చుకొన్నది మీ ముందు ఉంచడానికే ఈ వేదిక ఎక్కాను.

ముందుగా ఈ గాయం స్వరూపం చూద్దాము. వైద్యులు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా పి.టి.ఎస్.డి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల పరిస్థితి చూసిన తరువాత, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ పేరును తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చినది. దీనికి నాలుగు ముఖాలు. ఒకటి, జరిగిన ఘోరం పీడకలగా, పగటి వేళ కళ్ల ముందు దృశ్యంగా మళ్లీ మళ్లీ రావడం. రెండు, దాన్ని గుర్తుచేసే మనుషులను, చోట్లను, మాటలను, ఆలోచనలను తప్పించుకొని తిరగడం. మూడు, "తప్పు నాదే", "ఎవరినీ నమ్మరాదు" వంటి తలపులు బలపడి, ఆప్తుల మీద కూడా మమకారం మొద్దుబారడం. నాలుగు, నిద్ర లేకపోవడం, చిన్న చప్పుడుకే అదిరిపడడం, కోపం, నిరంతర కాపలా. ఈ లక్షణాలు నెల దాటి కొనసాగి బతుకును అడ్డుకొంటే అది జబ్బు. బలహీనత కాదు, పిచ్చి కాదు, పూర్వకర్మ ఫలం అంతకన్నా కాదు.

ఈ నాలుగింటిలో రెండవది, అంటే తప్పించుకోవడం, మిగతా మూడింటినీ బతికిస్తుంది. ఎందుకంటే తప్పించుకొన్న ప్రతిసారీ ఆ క్షణానికి ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనమే, "అటు వెళ్లకపోవడం మంచిదైంది" అని మనసుకు పాఠం చెబుతుంది. భయపడినది నిజంగా అంత ప్రమాదమా అని పరీక్షించే అవకాశం మనసుకు ఎన్నడూ రాదు. మార్కెట్టుకు వెళ్లని మనిషి రైలు ఎక్కడం మానేస్తాడు, తరువాత పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు, చివరకు తన గదిలో కూడా గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు.

ఈ సంగతిని నూరేళ్ల కిందటే గుర్తించిన వైద్యుడు ఒకరున్నారు. ఆయన మన దేశంలో పనిచేసినవారు కూడా. డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ నీలగిరి తోడాల మధ్య ఉండి, వారి జీవితం మీద 1906లో పెద్ద గ్రంథం ప్రచురించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో మనసు చెదిరిన సైనికాధికారులకు చికిత్స చేశారు. అప్పట్లో ఈ జబ్బును షెల్ షాక్ అనేవారు. "మరిచిపో, వేరే విషయాలు ఆలోచించు" అన్నదే నాటి లోకం సలహా. జ్ఞాపకాన్ని బలవంతంగా అణచివేయడమే సైనికుని బాధను పెంచుతున్నదని రివర్స్ వాదించారు. ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. తిరిగివచ్చిన వారి పీడకలలను ఊళ్లలో గాలి అనో, దయ్యం అనో అనుకొని ఉంటారు. రివర్స్ తప్పన్న ఆ సలహానే నూరేళ్ల తరువాత నేను ధ్యానం పేరిట హవల్దారు గారికి ఇచ్చాను.

ఇక ధమ్మం వైపు చూద్దాము. భగవానుడు తనను వైద్యునిగా పోల్చుకొన్న సందర్భాలు మనకు తెలుసు. మజ్ఝిమ నికాయంలోని సునక్ఖత్త సుత్తంలో ఒక ఉపమానం ఉన్నది. విషపు బాణం తగిలిన మనిషి దగ్గరకు శస్త్రవైద్యుడు వస్తాడు. గాయం నోటిని కత్తితో కోస్తాడు, ఏషణితో, అంటే గాయాన్ని శోధించే శలాకతో, బాణం ఎక్కడ ఉన్నదో వెతుకుతాడు, బాణాన్ని పెరికివేస్తాడు, విషం తొలగిస్తాడు. అంతటితో వదలడు. గాయం మానేదాకా పథ్యం పాటించమని, పుండును సమయానికి కడిగి మందు రాసుకొమ్మని, దుమ్ము పడకుండా చూసుకొమ్మని చెబుతాడు. ఈ ఉపమానంలో ఏ వస్తువు దేనికి గుర్తో భగవానుడే వివరిస్తాడు. కత్తి ఆర్యప్రజ్ఞకు గుర్తు. శోధించే శలాక సతికి, అంటే స్మృతికి గుర్తు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనం మందిరాలలో నేర్పే సతి, భగవానుని ఉపమానంలో గాయాన్ని శోధించే సాధనం. మనం దాన్ని గాయాన్ని కప్పే గుడ్డగా మార్చాము. బాణం లోపల ఉండగానే పైన కట్టు కట్టి, నొప్పి తగ్గిందా అని అడుగుతున్నాము. ఆదివారం తగ్గుతుంది. సోమవారం మళ్లీ సలుపుతుంది.

అయితే ఈ గాయంలోని బాణాన్ని మనమే తీయగలమా? తీయలేము. అది శిక్షణ పొందిన చికిత్సకుని పని. నేడు ఆ చికిత్సలు ఉన్నాయి. ఘోరమైన ఆ అనుభవాన్నే కేంద్రంగా చేసుకొని పనిచేస్తాయి కనుక వీటిని గాయకేంద్రిత చికిత్సలు అందాము. వీటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఎడ్నా ఫోవా రూపొందించినది. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, గంటన్నర పాటు సాగే 8 నుంచి 15 సమావేశాలు. ఆ ఘటనను రోగి కళ్లు మూసుకొని, ఇప్పుడే జరుగుతున్నట్లుగా, చికిత్సకుని సమక్షంలో పలుమార్లు చెబుతాడు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వింటాడు. తప్పించుకొంటున్న చోట్ల జాబితా రాసి, సులువైన దానితో మొదలుపెట్టి ఒక్కొక్క చోటికే వెళతాడు. జ్ఞాపకం వేరు, ఘటన వేరు అని, జ్ఞాపకం బాధిస్తుందే గాని చంపదని మనసు క్రమంగా నేర్చుకొంటుంది.

రెండవది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ. పెట్రీషియా రెసిక్ మొదట అత్యాచార బాధితుల కోసం రూపొందించారు. తరువాత సైనికులకూ ఎంతో ఉపయోగపడినది. సుమారు 12 సమావేశాలు. ఆ ఘటన ఎందుకు జరిగిందని తాను నమ్ముతున్నాడో, అది తన గురించి, ఇతరుల గురించి, లోకం గురించి తన నమ్మకాలను ఎలా మార్చిందో రోగి స్వయంగా రాస్తాడు. అందులో మనసు చిక్కుకొన్న చోట్లు బయటపడతాయి. "నా సీటు ఇవ్వకపోతే వాడు బతికేవాడు" అన్నది మన హవల్దారు గారి చిక్కుముడి. చికిత్సకుడు దాన్ని ఖండించడు, ఓదార్చడు, ప్రశ్నలు వేస్తాడు. ఆ ఉదయం మీకు ఏమి తెలుసు? మందుపాతర అక్కడ ఉన్నదని తెలిసి సీటు ఇచ్చారా? దాన్ని పాతినది ఎవరు? హేతుప్రత్యయాలను విడదీసి చూడడం మన సంప్రదాయానికి కొత్త కాదు. ఈ చికిత్స అచ్చంగా అటువంటి పరిశీలనే.

మూడవది ఇ.ఎం.డి.ఆర్. 1980ల చివర ఫ్రాన్సీన్ షపీరో ప్రతిపాదించారు. రోగి బాధాకరమైన జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొంటూ, చికిత్సకుని వేళ్ల కదలికను కళ్లతో అనుసరిస్తాడు. పద్ధతి వేరైనా, జ్ఞాపకానికి ఎదురు నిలవడం ఇక్కడా ఉన్నది.

2017లోనూ, 2023లోనూ అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి విడుదల చేసిన వైద్య మార్గదర్శకాలు ఇటువంటి చికిత్సలకు మందుల కన్నా ముందు స్థానం ఇచ్చాయి. సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి మందులకు కూడా ఆధారం ఉన్నది. వైద్యుడు రాస్తే వాడాలి, సొంతంగా మానరాదు. కాని బెంజోడయాజిపీన్ వర్గానికి చెందిన నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు ఈ జబ్బుకు వాడరాదని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఊళ్లలో నిద్ర పట్టని మాజీ సైనికుల చేతిలో ఎక్కువగా కనిపించేవి ఆ మాత్రలే. ఈ విషయం వైద్యునితో మాట్లాడమని చెప్పడం మన బాధ్యత.

ధ్యానం సంగతి ఏమిటని మీరు అడుగుతారు. నిజం చెప్పుకొందాము. 2015లో అమెరికాలోని మినియాపోలిస్‌లో 116 మంది మాజీ సైనికుల మీద జరిగిన అధ్యయనంలో, స్మృతి సాధన చేసినవారికి లక్షణాలు మరో బృందం వారి కన్నా కొంత ఎక్కువగా తగ్గాయి. కాని జబ్బు నిర్ధారణ నుంచే బయటపడినవారి విషయంలో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ధ్యానం మేలు చేస్తుంది. ఒక్కటే చాలదు.

అదే విధంగా చికిత్సల గురించీ నిజం చెప్పుకోవాలి. అవి మంత్రాలు కావు. 2022లో ప్రచురితమైన, 916 మంది మాజీ సైనికులు పాల్గొన్న పెద్ద అధ్యయనంలో పై రెండు చికిత్సల వల్లా మెరుగుదల కనిపించినది. కాని దాదాపు సగం మంది మధ్యలోనే మానివేశారు. చికిత్స పూర్తి చేసినా లక్షణాలు కొంతమేర మిగిలేవారు అనేకులు. ఈ అంకెలు మనలను నిరాశపరచకూడదు. మన పని ఎక్కడ ఉన్నదో అవే చూపిస్తున్నాయి. చికిత్స గది లోపలి పని చికిత్సకునిది. గది దాకా రావడం, మళ్లీ వారం కూడా రావడం, ఈ రెండింటిలో మనిషికి తోడు కావాలి. ఆ తోడునే మన భాషలో కల్యాణమిత్రుడు అంటాము.

ఆ తోడు ఎలా ఉండాలో కొన్ని మాటల్లో చెబుతాను. ఇవి మనోవైద్యుల దగ్గర కూర్చొని నేర్చుకొన్నవి, కొన్ని దెబ్బలు తిని నేర్చుకొన్నవి.

మొదట, అడగండి. కాని కథను అడగకండి. "అక్కడ ఏమి జరిగింది, ఎంతమందిని చంపారు" వంటి ప్రశ్నలు మందిరంలో వినిపించకూడదు. "నిద్ర ఎలా ఉన్నది? ఇంట్లో ఎలా ఉన్నది? ఏయే పనులు మానుకొన్నారు?" అని అడగండి. "మరిచిపోండి" అనే మాటను మన నిఘంటువు నుంచి తీసివేయండి. చెప్పడం మొదలుపెడితే వినండి. మీరు చికిత్సకులు కారు కనుక తవ్వవద్దు.

రెండవది, గాయం అనే మాట వాడండి. సైనికునికి గాయం అర్థమవుతుంది. తుపాకీ గుండు తగిలితే దాచుకోడు, డ్రెస్సింగ్ చేయించుకొంటాడు. మానసిక ఆసుపత్రి అనగానే అతని మనసులో మూడు భయాలు లేస్తాయి. ఊరు పిచ్చివాడంటుందని, సెక్యూరిటీ ఉద్యోగం పోతుందని, పెన్షన్‌కు చిక్కు వస్తుందని. ఈ భయాలను తేలిక చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఉన్నదని చెప్పండి. ఉద్యోగానికి, పెన్షన్‌కు సంబంధించిన సందేహాలను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకొనేందుకు తోడు వెళ్లండి.

మూడవది, చికిత్సలో ఏమి జరుగుతుందో ముందే చెప్పండి. తెలియని గదిలోకి సైనికుడు కళ్లు మూసుకొని వెళ్లడు. ఎన్ని వారాలు, ఎంతసేపు, ఇంటికి ఏ పని ఇస్తారు, ఏ పద్ధతి ఎలా ఉంటుంది అన్నీ వివరించండి. పద్ధతిని ఎంచుకొనే మాట అతనిదే కావాలి. రాయడం ఇష్టమైనవారు ఉంటారు, చెప్పడం ఇష్టమైనవారు ఉంటారు. ఆరంభ వారాల్లో కొందరికి కలత పెరగవచ్చునని, అలా పెరిగినవారికి కూడా చికిత్స ఫలిస్తుందని ముందే చెబితే ఆ వారం పారిపోరు.

నాలుగవది, "ముందు పూర్తిగా కుదుటపడనీ, తరువాత చూద్దాము" అనే జాప్యం వద్దు. మనలో చాలామందిమి దయతో చేసే తప్పు ఇదే. పూర్తిగా కుదుటపడిన మనిషికి చికిత్స ఎందుకు? మద్యం అలవాటు ఉన్నంత మాత్రాన ద్వారం మూసుకుపోదు. రెండింటికీ కలిపి చికిత్స చేసే పద్ధతులు ఉన్నాయి. కాని ప్రాణాపాయం ఉన్నచోట, అంటే ఆత్మహత్య తలపు బలంగా ఉన్నప్పుడు, మతి స్థిమితం తప్పినప్పుడు, మద్యం హఠాత్తుగా మానివేసి వణుకు, మూర్ఛ వచ్చినప్పుడు, ముందుగా ఆసుపత్రి, తరువాతే మిగతావన్నీ. "చనిపోవాలనిపిస్తున్నదా" అని సూటిగా అడగడం వల్ల ఆ తలపు పుట్టదు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే ఆ గడ్డు దినాల్లో దాన్ని ఇంటి నుంచి దూరంగా, చట్టబద్ధంగా భద్రపరిచే ఏర్పాటును కుటుంబంతో మాట్లాడండి.

ఐదవది, ధ్యానాన్ని దాని స్థానంలో ఉంచండి. ఇటువంటి మిత్రులను చీకటి గదిలో గంటసేపు కళ్లు మూసుకొని కూర్చోమనకండి. కొందరికి ఆ నిశ్శబ్దంలోనే దృశ్యాలు మీద పడతాయి. పది నిమిషాల ఆనాపానసతి, కళ్లు తెరిచి, పాదాలు నేల మీద ఆనించి చేయనివ్వండి. చంక్రమణం, అంటే నడక ధ్యానం, చాలామందికి సులువు. పది రోజుల మౌన శిబిరానికి పంపేముందు చికిత్సకుని అడగండి. చికిత్స నడుస్తున్న వారాల్లో ధ్యానానికి ఒక కొత్త పని ఇవ్వండి. ఇంటిపని చేసే ముందు మనసును నిలుపుకోవడానికి, చేసిన తరువాత వచ్చే కలతను పారిపోకుండా గమనించడానికి. అప్పుడు సతి మళ్లీ శలాక అవుతుంది.

ఆరవది, తోడు వెళ్లండి. వినయ పిటకంలో అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువు కథ ఉన్నది. భగవానుడు ఆనందునితో కలిసి స్వయంగా ఆయనను కడిగి, మంచం మీద పడుకోబెట్టి, భిక్షువులు ఒకరికొకరు సేవ చేసుకోకపోతే మరెవరు చేస్తారని సంఘాన్ని ప్రశ్నించాడు. చిరునామా రాసిచ్చి పంపడం సేవ కాదు. మొదటి మూడు సార్లు ఆసుపత్రి బల్ల మీద అతని పక్కన కూర్చోండి. ఒక వారం మానితే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి, మందలించకుండా. భార్యకు, పిల్లలకు జబ్బు గురించి చెప్పండి. అతని బదులు మార్కెట్టుకు వెళ్లడం, ప్రతి చప్పుడూ లేకుండా చూడడం ప్రేమే గాని, అది తప్పించుకోవడానికి తోడ్పడుతుందని వారికి తెలియాలి.

ఎక్కడికి తీసుకువెళ్లాలి? మాజీ సైనికులకు ఇ.సి.హెచ్.ఎస్. పాలిక్లినిక్కులు 2003 నుంచి ఉన్నాయి. అక్కడి నుంచి మనోవైద్యునికి పంపే మార్గం ఉన్నది. ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, జిల్లా ఆసుపత్రుల మానసిక విభాగాలు, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఉన్నాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక టెలి మానస్ విభాగం ప్రారంభమైనది. మనోవైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు మందుచీటీతో తిరిగి రాకుండా ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఈ గాయం మీదనే పనిచేసే చికిత్స ఇక్కడ ఎవరు చేస్తారు? ఏ పద్ధతి, ఎన్ని వారాలు?" దగ్గరలో లేకపోతే వీడియో ద్వారా చేసేవారిని అడగండి. వీడియో ద్వారా చేసిన చికిత్స ఎదురుగా కూర్చొని చేసిన దానికి తీసిపోలేదని మాజీ సైనికుల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి.

చివరిగా ఒక విషయం. చంపిన చేతులు ఉన్నవారి సంగతి ఏమిటి? వారి బాధలో భయం కన్నా అపరాధ భావమే ఎక్కువ. అహింసను ప్రకటించే మన మందిరంలో వారు తల ఎత్తుకొని కూర్చోగలరా? దీనికి సమాధానం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్నది. అశోకుని పదమూడవ శిలాశాసనం అక్కడ చెక్కి ఉన్నది. కళింగంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లు మంది మరణించారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని రాజు తానే చెప్పుకొన్నాడు. అదే శాసనాన్ని కళింగంలోని ధౌలి, జౌగడలలో చెక్కించలేదు. గాయపడిన ప్రజల ముందు ఆ మాట ఎత్తడానికి చక్రవర్తికి కూడా నోరు రాలేదేమో, ఎవరికి తెలుసు. కాని మిగతా చోట్ల జరిగినదాన్ని మరువలేదు, దాచలేదు, అంకెలతో సహా రాతి మీద పెట్టాడు. ఆ మాట చెప్పిన తరువాతనే ధమ్మవిజయం గురించి మాట్లాడాడు. జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్లుగా చూసి, తన బాధ్యత ఎంతో, తనది కానిది ఎంతో తేల్చుకొని, మిగిలిన జీవితాన్ని మేలుకు వినియోగించడం. చికిత్స గదిలో ఆ సైనికుడు చేసే పని కూడా అదే. అతన్ని తీర్పు చెప్పే చూపుతో చూసే హక్కు మనకు లేదు.

మన హవల్దారు గారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన చికిత్సకు వెళ్లడానికి ఒప్పుకోవడానికే నాలుగు నెలలు పట్టినది. మూడవ సమావేశం తరువాత మానివేశారు. నేను ఇంటికి వెళ్లాను. ఆయన తలుపు తీయలేదు. అరుగు మీద గంటసేపు కూర్చొన్నాను. చివరకు వచ్చి పక్కన కూర్చొని, "మాస్టారూ, మీరే కదా వదిలేయమన్నారు, ఇప్పుడు మీరే పట్టుకోమంటున్నారు" అన్నారు. "తప్పు చెప్పాను హవల్దారు గారూ, క్షమించండి" అన్నాను. మరుసటి వారం ఆయన మళ్లీ వెళ్లారు. నేనూ వెళ్లాను.

ఇప్పుడు ఆయనకు పూర్తిగా నయమైనదని చెప్పను. అప్పుడప్పుడు రాత్రి మెలకువ వస్తుంది. దీపావళి నాడు తలుపు వేసుకోకుండా వరండాలో కూర్చుంటారు, అంతే. కాని కిందటి ఏడాది ఆయన చనిపోయిన మిత్రుని ఊరికి వెళ్లారు. ఇన్నేళ్లుగా ఆ తల్లి ముఖం చూడలేకపోయిన మనిషి ఆమె ఎదుట కూర్చొని అన్నం తిన్నారు. ఆ ఊరి మొదట్లో మిత్రుని పేరు చెక్కిన రాయి ఉన్నది. దాని పక్కన ఆయన నిలబడ్డ ఫొటో నాకు చూపించారు.

ఛాయాస్తంభం నిలపడం మన పూర్వులకు తెలుసు. స్తంభం పక్కన నిలబడగలిగేలా బతికినవారికి తోడు నడవడం మనం నేర్చుకోవాలి. ప్రతి మందిరంలో ఇద్దరు ముగ్గురు ఉపాసకులు ఈ పనికి ముందుకు రావాలని, దగ్గరలోని మనోవైద్యునితో, సైనిక సంక్షేమ కార్యాలయంతో ఈ వర్షావాసం ముగిసేలోగా పరిచయం చేసుకోవాలని కోరుతున్నాను. ద్వారం పక్కన కూర్చొన్న సోదరులకు ఒక మాట. మీరు అక్కడే కూర్చోండి, అభ్యంతరం లేదు. కాని సభ ముగిశాక ఒక్కరే వెళ్లకండి. మీతో నడవడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

భవతు సబ్బ మంగళం.